బబులోనులో వెదకిరి, ఎగ్బతానాలో దొరికెను
మతతత్త్వ పరిశోధన చేయువారికి గ్రంథాలయ పాఠము

పఠన భాగము: ఎజ్రా 5:1-17, 6:1-15, సామెతలు 18:17, 2 తిమోతి 4:13

చెర నుండి తిరిగివచ్చిన యూదులు యెరూషలేములో దేవాలయమును మరల కట్టుచుండగా, నది యివతలి అధికారియైన తత్తెనై వచ్చి, ఈ మందిరమును కట్టుటకు మీకు సెలవిచ్చినవాడెవడని అడిగెను. పెద్దలు వెరవక ఉత్తరమిచ్చిరి. కోరెషు రాజు తన యేలుబడి మొదటి సంవత్సరమున ఆజ్ఞ యిచ్చెనని చెప్పిరి. వారు చెప్పినది సత్యమే. అయినను ఆ సత్యమునకు వారి చేతిలో కాగితము లేదు. అప్పుడు దర్యావేషు రాజు ఆజ్ఞచొప్పున బబులోనులో గ్రంథములుంచు స్థలమున వెదకిరి. కావలసిన పత్రము దొరికినది మాత్రము ఆ స్థలమున కాదు, మాదీయుల దేశమందలి ఎగ్బతానాలో. అందులో ఆజ్ఞ యొకటే కాదు, మందిరపు కొలతలును, ఖర్చు రాజు ఖజానా నుండి చెల్లవలెనన్న మాటయు ఉండెను. దానితో వివాదము తీరెను, పని కొనసాగెను.

ఈ చరిత్రలో గ్రంథాలయమును వాడుకొనువారు గమనింపవలసిన సంగతులు మూడు కలవు. మొదటిది, సత్యము పలుకువానికి కూడ ఆధారము చూపవలసిన దినము వచ్చును. రెండవది, మొదట వెదకిన చోట లేనంత మాత్రమున ఆధారమే లేదనుట తొందరపాటు. మూడవది, పత్రము దొరికినప్పుడు అడిగినదానికంటె ఎక్కువ తెలియును.

జంషెడ్‌పూరులో ఒక ప్రశ్న

1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపింపబడెను. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోట, సాక్చీ అను పల్లెయొద్ద కర్మాగారము లేచెను. 1912లో మొదటి ఉక్కు తయారయ్యెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరు అను పేరు కలిగెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి రైలెక్కి వచ్చిన అనేక తెలుగు కుటుంబములు అచట స్థిరపడెను. ఆనాడు బీహారులోను, 2000 నవంబరు 15 నుండి ఝార్ఖండ్ రాష్ట్రములోను ఉన్న ఆ పట్టణమున, తెలుగు ఇంటిలోను ఆరాధనలోను నిలిచినదేగాని, బడిలో పిల్లలకు హిందీయు ఇంగ్లీషునే ముందు వచ్చును.

అట్టి ఇంటిలో పుట్టిన ఒక విద్యార్థినిని ఊహించుకొనవచ్చును. ఆమె ఇంటియొద్దనుండియే వేదాంత విద్య నభ్యసించుచున్నది. ఒక పరిశోధన వ్యాసము వ్రాయవలెను. ఆమె ఎన్నుకొన్న విషయము, పురుషోత్తమ చౌదరి కీర్తనలలో భక్తి. 1803లో జన్మించి 1890లో ప్రభువునందు నిద్రించిన ఆ కవి బ్రాహ్మణ కుటుంబమువాడు, గంజాము ప్రాంతమువాడు. ఆమె తాతగారి ఊరికి ఆయన పుట్టిన సీమ దూరము కాదు. ఆమె నాయనమ్మ ఆయన కీర్తనలను పుస్తకము చూడకయే పాడును.

అయితే సంఘములో ఈ విషయమై రెండు మాటలు వినబడుచున్నవి. ఆ కీర్తనలలోని భక్తి వైష్ణవము నుండి వచ్చినదే గనుక వాటిని తగ్గించి పాడుట మేలని ఒకరందురు. అందులో ఈ దేశపు మతభావము లేశమైనను లేదు, అంతయు వాక్యమే యని మరియొకరందురు. ఇద్దరికిని పట్టుదల కలదు, ఇద్దరి చేతిలోను ఆధారము లేదు. విద్యార్థిని వ్యాసములో ఏదో యొక మాటను పరిశీలింపక చేర్చినయెడల, రేపు ఒక బోధకుడు దానిని ఉదహరించును, ఎల్లుండి ఒక సంఘము పాడుట మానును, లేక ఒక సహోదరుడు అన్యాయముగా నిందింపబడును. గ్రంథాలయమున వెదకుట మార్కుల కొరకైన పని మాత్రమే కాదనుటకు ఇదియే కారణము.

ప్రశ్నను విభజించుట

భక్తి అను మాటతో గ్రంథాలయమున ప్రవేశించువాడు వందల పుస్తకముల యెదుట నిలిచి, ఏమియు తీసికొనక తిరిగివచ్చును. గనుక పుస్తకము నడుగుటకు ముందు ప్రశ్నను చిన్నదిగా చేయవలెను. ఈ విషయములో కలిసిపోయిన ప్రశ్నలు మూడు. కవి వాడిన పదములు ఎక్కడివి? ఆయన వాడిన రాగ తాళములు, పద్యరీతులు ఎక్కడివి? ఆ పదములతో ఆయన చెప్పిన అర్థమేమి? పదము ఒకచోటనుండి వచ్చి, అర్థము వేరొకచోటనుండి రావచ్చును. కృప, రక్షణ, ప్రభువు అను మాటలు సయితము క్రైస్తవులు తెలుగులోనికి రాకమునుపే ఈ భాషలో నుండెను గదా.

ప్రశ్నలు మూడైనప్పుడు వెదకవలసిన పుస్తకములును మూడు విధములగును. పదములకు నిఘంటువులు కావలెను. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది గనుక, కవి జీవితకాలమున ఆ మాటకు గల వాడుకను చూచుటకు అది మిక్కిలి తగినది. రీతులకు తెలుగు సాహిత్య, సంగీత చరిత్రలు కావలెను. అర్థమునకు కీర్తనలనే మొదట చదువవలెను, పిమ్మట వాటిపై వ్రాసినవారిని చదువవలెను. కవి స్వయముగా వ్రాసినది మూలాధారము. ఇతరులు దానిగూర్చి వ్రాసినది రెండవ తరగతి ఆధారము. రెండవదానిని చదివి మొదటిదానిని చదివినట్లు వ్రాయుట అబద్ధసాక్ష్యమునకు దగ్గరి చుట్టము.

దగ్గరనున్నది మొదట

దూరపు గ్రంథాలయములకు ఉత్తరములు వ్రాయుటకు ముందు, ఇంటిలోని కొయ్య పెట్టెను, సంఘపు బీరువాను తెరచి చూడవలెను. అచట పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ప్రతియుండవచ్చును. కీర్తనల పుస్తకము ముద్రణ ముద్రణకు సంఖ్య మారవచ్చును, కొన్నిచోట్ల మాటయు మారవచ్చును. గనుక ఏ సంవత్సరపు ముద్రణనుండి ఉదహరించుచున్నదో వ్రాయుట అవసరము. బాప్తిస్మ పుస్తకములు, సంఘ కార్యక్రమ పుస్తకములు, పాత పత్రికలు కూడ ఆధారములే. ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయు దినమున ఇట్టి కట్టలు తరచుగా పాత కాగితముల వానికి పోవును. చదువగలవారు ఇంటిలో లేరు గనుక పోవును. ఒకసారి పోయినది ఏ గ్రంథాలయమునకును చేరదు.

పట్టణములోని కళాశాలల గ్రంథాలయములను తరువాత అడుగవలెను. 1949లో జెసూట్ సభవారు స్థాపించిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ.లో సర్ జహంగీర్ గాంధీ పేరిట గ్రంథాలయము కలదు. ఆ సంస్థ ముఖ్యముగా నిర్వహణ శాస్త్రమునకును, కార్మిక సంబంధములకును చెందినది గనుక, అచట తెలుగు కీర్తనలపై పుస్తకములు నిరీక్షింపరాదు. బయటివారు అనుమతి పొందియే లోపలికి పోవలెను. ఏ గ్రంథాలయము దేనికొరకు కట్టబడినదో తెలిసికొని అడుగుటయే మర్యాద, అదియే కాలమును మిగుల్చును.

ఇట్టి చోట్ల మొదట చూడవలసినవి విజ్ఞాన సర్వస్వములు. జేమ్స్ హేస్టింగ్స్ సంపాదకత్వమున 1908 మొదలు 1926 వరకు వెలువడిన మతనీతి విజ్ఞాన సర్వస్వము పాతదైనను, దాని వ్యాసముల చివరనున్న పుస్తకముల పట్టికలు నేటికిని దారి చూపును. 1987లో మిర్చా ఎలియాడె సంపాదకత్వమున వచ్చిన 16 సంపుటముల మత విజ్ఞాన సర్వస్వముతో దానిని పోల్చి చూచినయెడల, మధ్యకాలమున పండితుల అభిప్రాయములు ఎక్కడ మారినవో తెలియును. విజ్ఞాన సర్వస్వము ఇంటి గుమ్మమువంటిది. దానిని దాటి లోపలికి పోవలెను, అచటనే కూర్చుండరాదు.

అంకెలు చెప్పు మాట

పుస్తకపు వీపుమీద అంటించిన అంకెలను చూచి అనేకులు భయపడుదురు. ఆ అంకెలు తెలిసినవానికి అవి వీధి పేర్లవంటివి. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో 100 మొదలు తత్త్వశాస్త్రము, 200 మొదలు మతము. 220 బైబిలు, 230 క్రైస్తవ సిద్ధాంతము, 294.5 హిందూ మతము, 181.4 భారతీయ తత్త్వము. మన దేశపు ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో వేరొక పద్ధతి నేర్పరచెను. కోలన్ వర్గీకరణము అను ఆ పద్ధతిలో క్యూ అను అక్షరము మతమునకును, ఆర్ అను అక్షరము తత్త్వమునకును చెందును.

ఇందులో విద్యార్థినికి ఒక హెచ్చరిక కలదు. ఆమె విషయము ఒక్క అరలో దొరకదు. కీర్తనలు ఒక అరలో, తెలుగు సాహిత్యము మరియొక అరలో, రామానుజుని తత్త్వము ఇంకొక అరలో, మిషను చరిత్ర వేరొక గదిలో నుండును. గ్రంథాలయము జ్ఞానమును గదులుగా విభజించినది, జీవితము అట్లు విభజింపబడలేదు. అందుచేత ఒక అరలో లేనిదానిని లేదని వ్రాయకూడదు. గ్రంథపాలకుని అడుగుటకు సిగ్గుపడరాదు. చదువరి కాలమును కాపాడవలెనన్నది రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో నాలుగవది. ఆ సూత్రము నెరిగిన గ్రంథపాలకుడు, స్పష్టమైన ప్రశ్నతో వచ్చినవానిని సంతోషముగా చేర్చుకొనును.

పేర్లు మారిన ఊళ్లు

పాత గ్రంథసూచులలో వెదకువారు ఎక్కువగా ఓడిపోవు చోటు ఇది. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాసిరి. చౌదరి, చౌధరి, చౌధురి అని మూడు విధములైనను వెదకవలెను. పురుషోత్తము, పురుషోత్తమ అనియు మార్చి చూడవలెను. ఇంటిపేరు ముందు పెట్టియు, వెనుక పెట్టియు వెదకవలెను. తెలుగు భాషకే పాత ఇంగ్లీషు పత్రములలో జెంటూ అనియు, తెలింగ అనియు పేర్లు కలవు. శ్రీకాకుళము చికకోల్ అని యుండును. విశాఖపట్టణము విజగపటమని యుండును.

ఊళ్ల విషయములో ఇంకను జాగ్రత్త కావలెను. గంజాము జిల్లాలోని బరంపురమును, వంగదేశమున ముర్షిదాబాదు ప్రాంతములోని బహరంపురమును పాత ఇంగ్లీషు పత్రములలో ఇంచుమించు ఒకే విధముగా వ్రాయబడినవి. ఒకదాని మిషను నివేదికను రెండవదానిదని తలంచి ఉదహరించుట సులభము. మరియు గంజాము నేడు ఒడిశాలోనున్నను, 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు మద్రాసు రాజధానిలో నుండెను. గనుక 1803లో అచట పుట్టినవాని కాలపు ప్రభుత్వ పత్రములను మద్రాసు కాగితములలో వెదకవలెను. నేటి పటమును చేతబట్టుకొని నిన్నటి ఊరిని వెదకువాడు బబులోనులోనే తిరుగుచుండును.

రైలు దూరములో నున్నవి

జంషెడ్‌పూరు తెలుగు దేశమునకు దూరమైనను, క్రైస్తవ గ్రంథములకు దూరము కాదు. రోడ్డు మార్గమున సుమారు 130 కిలోమీటర్ల దూరములో రాంచీ కలదు. గోస్నర్ మిషనరీలు 1845లో అచటికి వచ్చిరి. గోస్నర్ వేదాంత కళాశాల అచటనే యున్నది. ఛోటానాగపూరు సంఘముల చరిత్రకును, లూథరను వేదాంతమునకును అది తగిన చోటు.

టాటానగర్ నుండి హౌరాకు రైలు మార్గము సుమారు 250 కిలోమీటర్లు. కలకత్తాలో బెల్వెడేర్ భవనములయందు జాతీయ గ్రంథాలయమున్నది. 1903లో ఇంపీరియల్ గ్రంథాలయముగా తెరువబడిన ఆ నిలయము, 1953లో జాతీయ గ్రంథాలయముగా ప్రజలకు తెరువబడెను. 1954 నాటి చట్టముచొప్పున ఈ దేశపు ప్రకాశకులు తాము ముద్రించిన ప్రతి పుస్తకపు ప్రతిని దానికి పంపవలసియున్నది. ఆ హక్కు చెన్నపట్టణములోని కన్నెమెరా గ్రంథాలయమునకును కలదు. అందుచేత కలకత్తాలో తెలుగు పుస్తకములు వేలకొలది చదువరికొరకు వేచియున్నవి. అయితే చిన్న సంఘములును, చిన్న ముద్రణాలయములును అచ్చువేసిన కరపత్రములన్నియు చట్టప్రకారము పంపబడినవని తలంచరాదు.

హౌరా నుండి లోకల్ రైలులో చేరదగినది సేరంపూరు. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో స్థాపించిన కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టమిచ్చెను. అచటి కేరీ గ్రంథాలయ పరిశోధనాలయమున మిషను ముద్రణలును పాత పత్రములును భద్రపరచబడియున్నవి. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను సేరంపూరులోనే అచ్చుపడెను. 1812 మార్చి 11న ఆ ముద్రణాలయమున అగ్ని లేచి, కేరీ వ్రాసిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి మొదలగునవి కాలిపోయెను. కేరీ మరల కూర్చుండి పని సాగించెను. ఆధారములు నశింపగలవని ఎరిగినవాడు, చేతికి దొరికినదానిని వణకుచు పట్టుకొనును.

ఉదయమున టాటానగర్ విడిచి సాయంకాలము హౌరానుండి తిరుగు స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఉన్నను, ఒక్కనాటి ప్రయాణముతో పని ముగియునని తలంచుట మోసము. పోవుటకు ముందు వారముల క్రితమే ఉత్తరము వ్రాయవలెను. ఏ పుస్తకములు కావలెనో గ్రంథసూచిలో చూచి, వాటి సంఖ్యలతో కూడ పంపవలెను. కళాశాల నుండి పరిచయ పత్రమును, గుర్తింపు పత్రమును తీసికొనిపోవలెను. పౌలు తిమోతికి వ్రాసినప్పుడు, పుస్తకములను, విశేషముగా చర్మపు కాగితములను, ఏ ఊరిలో ఎవరియొద్ద ఉంచివచ్చెనో పేరుతో సహా తెలిపెను. కావలసినది స్పష్టముగా అడుగుటకు అది మంచి మాదిరి.

ఇంటినుండియే చూడదగినవి

ప్రయాణ వ్యయము భరింపలేనివారికి ఈ కాలమున మరియొక ద్వారము తెరువబడియున్నది. భారత విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు శోధగంగ అను నిధిలో ఉచితముగా చదువవచ్చును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. నడుపు జాతీయ డిజిటల్ గ్రంథాలయమును, ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను కూడ చూడవలెను. కాలము చెల్లిన తెలుగు పుస్తకములు వేలకొలది అచట పుట పుటగా చిత్రింపబడియున్నవి. లండను మిషను పత్రములు లండనులోని ప్రాచ్య ఆఫ్రికా విద్యాలయమున నున్నవి. వాటి పట్టికను చూచి, అవసరమైన పత్రమునకు ప్రతి కావలెనని వ్రాయవచ్చును.

అయితే చేతియంత్రములో తెలుగు పుస్తకములకు వ్రాసిన పేర్లలో తప్పులు మెండు. పేరుతో దొరకనిదానిని సంవత్సరముతోను, ప్రకాశకునితోను, విషయముతోను వెదకవలెను. మరియొక అపాయము క్రొత్తది. అడిగినదానికెల్ల ఉత్తరమిచ్చు యంత్రములు కొన్ని వచ్చినవి. అవి ఒక్కొక్కప్పుడు లేని పుస్తకమునకు పేరును, సంవత్సరమును, పుట సంఖ్యను కూడ కల్పించి చెప్పును. గ్రంథాలయపు సూచిలో కనబడి, పుట తెరచి చదువబడువరకు అట్టి ఆధారమును వ్యాసములో చేర్చరాదు.

ఒక పుస్తకము మరియొకదానికి దారి

మంచి పుస్తకమొకటి దొరికినప్పుడు దాని చివరి పుటలను మొదట చదువవలెను. విద్యార్థినికి ఆర్. ఆర్. సుందరరావు 1983లో తెలుగు కీర్తనల పుస్తకములోని భక్తి వేదాంతముపై ఇంగ్లీషులో ప్రకటించిన గ్రంథము దొరికినయెడల, ఆమె ప్రశ్నను అంతకుముందే అడిగినవారున్నారని తెలిసి ఊరట కలుగును. అది ఆమెకు ఉత్తరము మాత్రమే కాదు, దారియు నగును. 1969లో వెలువడిన కై బాగో గ్రంథసూచి భారతీయ క్రైస్తవ వేదాంత రచనలను పట్టికగా నిచ్చును. అదే సంవత్సరపు రాబిన్ బాయిడ్ పుస్తకము ఆ వేదాంతుల ఆలోచనను పరిచయము చేయును. తమిళ దేశపు ఎ. జె. అప్పసామి 1927లో క్రైస్తవ మార్గమును భక్తి మార్గముగా వివరించెను. జర్మను పండితుడైన రుడాల్ఫ్ ఒట్టో 1930లో భారతదేశపు కృపామతమును క్రైస్తవముతో పోల్చి, సామ్యమును భేదమును రెంటిని చూపెను. ఒకరి పాదసూచికనుండి మరియొకరికి నడచునప్పుడు, ఒకే మాటను అందరును ఒకే మూలమునుండి తీసికొనిరా, లేక వేరువేరుగా కనుగొనిరా అని చూడవలెను. పదిమంది ఒకనిని ఉదహరించినయెడల సాక్షులు పదిమంది కారు, ఒకడే.

ఎదుటివాని మాట

వ్యాజ్యములో మొదట మాటలాడినవాడు న్యాయవంతునివలె కనబడునని, ఎదుటివాడు వచ్చి పరీక్షించినప్పుడు అతని సంగతి తేలునని సొలొమోను సామెత బోధించును. మతములను పోల్చు వ్యాసమునకు ఇంతకంటె మంచి నియమము లేదు. వైష్ణవ భక్తిని గూర్చి మిషనరీలు వ్రాసినది మాత్రమే చదివి తీర్పు చెప్పుట అన్యాయము. రామానుజుని మాటను రామానుజుని గ్రంథములలోను, ఆయన ననుసరించువారి వివరణలోను చదువవలెను. సురేంద్రనాథ దాసగుప్త 1922 మొదలు 1955 వరకు అయిదు సంపుటములుగా ప్రకటింపబడిన తన భారతీయ తత్త్వ చరిత్రలో, మూడవ సంపుటమున రామానుజ మతమును విస్తరించి వ్రాసెను. క్రీస్తు శిష్యుడు పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ, పొరుగువాని మతమును వర్ణించునప్పుడు కూడ వర్తించును.

వ్రాసికొను విధము

ప్రతి పుస్తకమునకు ఒక చీటి వ్రాయవలెను. గ్రంథకర్త, పుస్తకపు పేరు, ముద్రణ, ఊరు, సంవత్సరము, చూచిన గ్రంథాలయము, పుట సంఖ్య అందులో నుండవలెను. గ్రంథకర్త మాటను ఉదాహరణ చిహ్నములలోను, చదువరి స్వంత తలంపును వేరు వరుసలోను వ్రాయవలెను. నెల దినముల తరువాత ఏది ఎవరిదో తెలియక పరుని మాటను తనదిగా వ్రాయుట ఇట్లు తప్పును. ఏ తేదీన ఏ గ్రంథాలయమున ఏ పేర్లతో వెదకినది, దొరకనిది ఏది యనియు వ్రాసి యుంచవలెను. ఇన్ని చోట్ల చూడగా కనబడలేదని చెప్పుట నిజము. లేనే లేదని చెప్పుట సాహసము.

ఈ విధముగా పనిచేసిన విద్యార్థిని చివరకు ఏమి వ్రాయగలదు? పదములు ఈ దేశపువి, రీతులు ఈ దేశపువి యని ఆధారములతో చూపవచ్చును. ఆ పదములలో కవి క్రీస్తును గూర్చి ఏమి చెప్పెనో ఒక్కొక్క కీర్తనను పట్టి చూపవచ్చును. ఎక్కడ పోలిక కలదో, ఎక్కడ త్రోవ విడిపోవునో చెప్పవచ్చును. సంఘములోని రెండు పక్షములలో ఒకటి పూర్తిగా గెలువకపోవచ్చును. అయినను రెండు పక్షములును ఒకే పుటను చూచి మాటలాడు దినము వచ్చును. అది చిన్న మేలు కాదు.

వ్యాసము ముగిసిన పిమ్మట దాని ప్రతి యొకటి సంఘపు బీరువాలో ఉంచవలెను. నాయనమ్మ పాడినప్పుడు ఆమె చెప్పిన మాటలను, ఆమె పేరును, తేదీని వ్రాసి దానితో చేర్చవలెను. ఆమె ఎరిగినది ఏ గ్రంథసూచిలోను లేదు. మరియొక తరమున ఎవరైనను వెదకుచు రానున్నారు. వారికి ఆ బీరువాయే ఎగ్బతానా కావచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యూదా పెద్దల మాట సత్యమైయుండగా, పత్రమును వెదకవలసిన అవసరమెందుకు కలిగెను? (ఎజ్రా 5:13-17)

2. సంఘములో ఆధారము చూడకయే తరచుగా చెప్పబడు సంగతి ఏదైనను కలదా? దాని మూలాధారము ఎక్కడ దొరకవచ్చును?

3. ఇతర మతమును గూర్చి చెప్పునప్పుడు, ఆ మతస్థుడు విని ఇది మా మాటయే యని ఒప్పుకొనునట్లు చెప్పుచున్నామా? (సామెతలు 18:17)

4. ఇంటిలోను, సంఘపు బీరువాలోను ఉన్న పాత పుస్తకముల పట్టిక వ్రాయుటకు ఈ నెలలో ఎవరు పూనుకొనగలరు?